తొమ్మిదో వరస, ఆరూ ఏడూ పెట్టెలు

మా బావ కుడిచేతి చిటికెన వేలికి గోరు పెంచుతాడు. చూసినవాళ్ళు షోకనుకుంటారు. ఆయనకి షోకొకటే తక్కువ. చొక్కా గుండీ ఊడితే ఆ చొక్కా చిరిగేదాకా గుండీ లేకుండానే తొడుక్కునే మనిషి. ఆ గోరు ఆయన పనిముట్టు. అది విరిగిన రోజున ఇంట్లో ఏదో పోయినట్టు మొహం పెట్టేవాడు, మళ్ళీ పెరిగేదాకా నన్ను కాల్చుకుతినేవాడు.

పెద్ద ఆఫీసుల్లో అడుగుపెట్టగానే ఎదురుగా గోడంత టీవీ ఒకటి మెరుస్తూ ఉంటుంది, చూసే ఉంటారు. అది ఒక టీవీ కాదు. రెండడుగుల వెడల్పు, అడుగు పైచిలుకు ఎత్తు ఉండే పెట్టెలు. వందో నూటయాభయ్యో పెట్టెల్ని ఇనప చట్రం మీద ఒకదాని పక్కన ఒకటి బిగిస్తే అన్నీ కలిసి ఒక తెర అవుతాయి. ఆ బిగించేది మేమే. రెండు పెట్టెలు కలిసేచోట వెంట్రుకవాసి ఎడం వచ్చిందా, బొమ్మ మీద నల్లగీత పడుతుంది. మరీ ఒత్తుకుపోయాయా, తెల్లగీత. ఆ గీతలు లేకుండా చెయ్యడమే మా విద్యంతా. అందరూ లేజరు పెట్టి చూసి వదిలేస్తారు. బావ లేజరు పెట్టి చూశాక, గోటితో కూడా నిమిరి చూస్తాడు. తెరకి చెయ్యి తగలకూడదని, చిన్నచిన్న దీపాలు రాలిపోతాయని తయారుచేసినవాళ్ళు పుస్తకంలో పెద్దక్షరాలతో రాస్తారు. బావ ఆ పుస్తకం చదవలేదు. ఆయన గోటి కింద ఒక్క దీపం రాలడం కూడా నేను చూడలేదు. మా పనివాళ్ళందరూ ఆయన్ని గోరు మాస్టారంటారు.

ఆయన మొదట్నించీ ఈ పనివాడు కాదు. వయసులో ఉండగా షాపులకి బోర్డులు రాసేవాడు. మందుల షాపు, టైలరు, సైకిళ్ళ రిపేరు, ఏదైనా సరే అక్షరాలు ముత్యాల్లా ఉండేవని మా అక్క చెప్పుకునేది. బొమ్మ వెయ్యాల్సి వస్తే ముందు చిన్న ఫోటో మీద గళ్ళు గీసేవాడు. గోడ మీద అన్నే పెద్ద గళ్ళు గీసేవాడు. ఏ గడిలో ఏముందో చూసి, గోడ మీద ఆ గడిలో అంతవరకే వేసేవాడు. చూడని గడి వెయ్యకూడదన్నది ఆయన పట్టుదల. ఒకసారి కళ్ళజోళ్ళ షాపాయన ఇచ్చిన ఫోటోలో ఓ మూల చిరిగిపోయుంటే, గోడ మీద కూడా ఆ మూల తెల్లగా వదిలేశాడట. షాపాయన లబోదిబోమంటే, "అక్కడేముందో నేను చూళ్ళేదు కదండీ" అన్నాడట. అక్క ఈ కథ చెప్పి చెప్పి, నవ్వలేక కడుపు పట్టుకునేది.

తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి, బ్రష్షులన్నీ ఒక బిస్కెట్ డబ్బాలోకి పోయాయి. బావ ఫ్లెక్సీలు కట్టాడు, ట్యూబులైటు బోర్డులు బిగించాడు, చివరికి ఈ పెట్టెల దగ్గరికొచ్చాడు. ప్రతి కొత్త పనీ ఆయన పాత పనిని మింగేసింది. ఆయన మాత్రం దేన్నీ ఒక్క మాట అనలేదు. ఆ అనాల్సినవన్నీ ఆయన తరఫున నేనే అన్నాను.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అక్క నాకు పెట్టిన ముద్దుపేరు చిటపట. పాలిటెక్నిక్‌లో లెక్చరరుతో గొడవపడి పుస్తకాలు అక్కడే పడేసి వచ్చేస్తే, అక్కే నన్ను బావకి అప్పజెప్పింది. "వీడి చేతికి పని కావాలి, నోటికి తాళం కావాలి. రెండూ నువ్వే చూసుకో" అంది. పని దొరికింది. తాళం దొరకలేదు. వైర్లూ కంప్యూటరూ నావి. ఇనుమూ పెట్టెలూ గీతలూ బావవి. పద్నాలుగేళ్ళు అలా నడిచింది.

అక్క పోయి నాలుగేళ్ళయింది. కడుపులో నొప్పని ఆస్పత్రికి వెళ్ళింది, ఏడు వారాల్లో అంతా అయిపోయింది. వాళ్ళకి పిల్లల్లేరు. ఇంట్లో మిగిలింది బావా, అక్క తన చేత్తో లేబుళ్ళు అంటించిన వంటింటి డబ్బాలూ.

అక్కకి ఫోటో అంటే గిట్టదు. పెళ్ళివి నాలుగు, ఓటు, రేషను కార్డుల మీదవి రెండు, అంతే. కదిలే బొమ్మ ఒకే ఒక్కటి ఉంది. బావ కొత్త ఫోను కొన్నరోజున కెమెరా ఎలా ఉందో చూద్దామని వంటింటి గుమ్మంలో నిలబడి తీశాడు. అక్క సింకు దగ్గర గిన్నెలు కడిగి, భుజం మీద తువ్వాలుతో, చేతులు దులుపుకుంటూ ఇటు తిరుగుతుంది. నవ్వుతుంది. ఏదో అనబోయి ఆగిపోయి, తలెత్తి చూస్తుంది. అక్కడితో సరి. మొత్తం కలిపి పన్నెండు సెకన్లు.

అది పనిలోకి ఎలా వచ్చిందో చెబుతాను. అక్క పోయిన రెండో నెలలో ఒక కార్ల షోరూములో గోడ బిగించాం. గీతలున్నాయా లేవా చూడ్డానికి తెర మీద వేసే పరీక్ష బొమ్మలుంటాయి, ఒట్టి తెలుపు, ఒట్టి ఎరుపు, అలాంటివి. తెల్లతెర వేసి చూశాం, మచ్చుకి ఒక్క గీత లేదు. ఇంతలో నా లాప్‌టాప్ మొరాయించింది. కదిలే బొమ్మ కూడా ఒకటి వేసి చూడాలి, నీ ఫోనులో ఏదుంటే అది ఇయ్యి బావా అన్నాను. ఆయన కాసేపు ఫోను పట్టుకుని నిలబడి, అక్క వీడియో ఇచ్చాడు. గోడంత అక్క వచ్చింది. నుదుటి మీద అడ్డంగా సన్నటి గీత.

"తెల్లతెర మీద లేదు కదా" అన్నాను.

"తెల్లతెర మనల్ని మోసం చేస్తుందిరా. మనకి తెలిసిన మొహం మీద గీత పడితే కన్ను ఒప్పుకోదు" అన్నాడు. మనిషిని పైకెత్తే చక్రాల లిఫ్టెక్కి అక్క నుదురు గోటితో నిమిరి, స్క్రూ పావు చుట్టు తిప్పాడు. గీత పోయింది.

ఆనాటినుంచి ప్రతి గోడకీ ఆఖరి పరీక్ష అక్కే. "మనం బాగుందనుకుంటే చాలదు, మీ అక్క పాస్ చెయ్యాలి" అనేవాడు. మా గోడల్లో గీతలుండవని పేరొచ్చిందంటే అందులో సగం ఆవిడదే.

ఫోనులో మాత్రం అది ఉండనివ్వలేదు. ఆ ఫోను దిక్కుమాలిన జ్ఞాపకాలంటూ, బుద్ధిపుట్టినప్పుడల్లా బస్సులోనూ కూరగాయల షాపులోనూ అక్కని పైకి తెచ్చేది. ఒకసారి దిగాల్సిన స్టాపులో లేవలేక, ఇంకో నాలుగు స్టాపులు కూర్చుండిపోయాడు. అందుకని నాచేత దాన్ని పెన్ డ్రైవ్‌లోకి మార్పించి ఫోనులోంచి తీయించేశాడు. పెన్ డ్రైవ్‌కి నల్లతాడు కట్టి మెడలో వేసుకున్నాడు.

గోడకి బొమ్మ పంపేది ఒక చిన్న పెట్టె, దాన్ని ప్లేయరంటాం. వీడియో అందులోకి ఎక్కితేనే తెర మీదకొస్తుంది. కాపీ చేస్తే చాలు. బావ కాపీ చెయ్యనివ్వడు. ప్లేయరులో పెట్టి, పెన్ డ్రైవ్‌ని అడుగంటా తుడిచెయ్యాలి. పనయ్యాక ఆయనే మళ్ళీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుని మెడలో వేసుకుంటాడు. అప్పుడు ప్లేయరు మొత్తం తుడిచేసి, ఖాళీగా ఇవ్వాల్సినవాళ్ళకి ఇవ్వడం నా వంతు. నేను మొత్తుకున్నాను. ఇదెక్కడి చాదస్తం బావా, పది చోట్ల పెడితే నీ సొమ్మేం పోతుందన్నాను.

"మనిషి ఒకేసారి రెండు చోట్ల ఉండదురా. ఇంట్లో ఉంటే ఇంట్లో, పనిలో ఉంటే పనిలో" అన్నాడు.

ఒకసారి దొంగచాటుగా నా లాప్‌టాప్‌లో ఒకటి దాచాను. కనిపెట్టేశాడు. అరవలేదు. "తీసెయ్యరా. ఆవిడెక్కడుందో నాకు తెలియాలి" అన్నాడు, అంతే. తీసేశాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇంకో కాపీ లేదా అని ఇప్పుడు ప్రతివాళ్ళూ నన్నే అడుగుతున్నారు. లేదు.

తాడు మెడలో ఉందంటే అక్క ఇంటికొచ్చేసినట్టు. బల్ల మీద ఉందంటే గోడ మీద ఉన్నట్టు. మా ఇద్దరి మధ్యా అదీ గుర్తు. నోరు తెరిచి అడగాల్సిన అవసరం లేకుండా నలభై ఒక్క గోడలు అలా అప్పగించాం.

ఇంకొకటి ఉంది. గీతలన్నీ పోయాక, తాడు మెడలో వేసుకునేముందు, బావ నన్ను ఒక్కసారి ఊరికే వెయ్యమనేవాడు. పరీక్షకి కాదు. గోటితో పని ఉండదు, టార్చితో పని ఉండదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఆ పన్నెండు సెకన్లూ చూసేవాడు. చివర్లో అక్క తలెత్తగానే, "నా వంకే చూస్తోంది కదరా?" అనేవాడు. నేను వైర్లు చుట్టుకుంటూనో లాప్‌టాప్ మూస్తూనో, "ఆఁ ఆఁ, నీ వంకే, ఇంకెవరి వంక చూస్తుంది" అనేవాణ్ని. ప్రతి గోడకీ అదే ప్రశ్న, అదే జవాబు.

నలభై రెండో గోడ ఒక కంపెనీ లాబీలో. రెండంతస్తుల ఎత్తు కప్పు, మొహం చూసుకోవచ్చనిపించే నేల. మా బూట్లకి ప్లాస్టిక్ తొడుగులు వేయించారు, అవి వేసుకుని నడుస్తుంటే కాళ్ళు చిప్స్ పొట్లంలో పెట్టుకున్నట్టు ఒకటే చప్పుడు. అడ్డంగా పన్నెండు, నిలువుగా పన్నెండు, మొత్తం నూట నలభై నాలుగు పెట్టెలు. వరసలు కిందనుంచి లెక్కపెడతాం, ఎందుకంటే పేర్చేది కిందనుంచే. పెట్టెలు ఎడమనుంచి. ఎనిమిది రోజులు పట్టింది. తొమ్మిదో రోజు సాయంత్రం నాలుగింటికి వాళ్ళ డైరెక్టర్లొచ్చి మీట నొక్కుతారని చెప్పారు.

ఆ రోజు పొద్దున్నే తెల్లతెర పాసయింది. బావ మెడలోంచి తాడు తీశాడు. అక్కని ప్లేయరులోకి ఎక్కించాం, ఆగకుండా తిరుగుతూ ఉండేలా పెట్టాను. ఖాళీ పెన్ డ్రైవ్‌ని రిసెప్షన్ కౌంటరు మీద పెట్టాడు. మాకు ఆ రోజు బల్ల అదే.

మనిషెత్తు మొహంతో అక్క ఇటు తిరిగింది. బావ వెంటనే, "దవడ చూడు" అన్నాడు.

చూశాను. ఆరో వరసకీ ఏడో వరసకీ మధ్య, ఆరో పెట్టె దగ్గర, అక్క దవడ మీద జానెడు నల్లగీత.

"నేను పైకెళ్తాను, ఇది తిరుగుతూనే ఉండనీ" అన్నాడు. నేను పక్కనున్న చిన్న గదిలో వైర్లు సర్దడానికి వెళ్ళాను.

నేను లేనప్పుడు జరిగిందిది. రిసెప్షన్‌లో అమ్మాయి కౌంటరు మీద పూలకుండీలు పెట్టాలని మా సామానంతా ఒక పక్కకి చేర్చింది. పెన్ డ్రైవ్ దొరికితే, పాపం, పోతుందని చేత్తో పట్టుకుని బావ దగ్గరికి తెచ్చింది. "ఇది మీదేనాండీ?" అంది. బావ అప్పటికే లిఫ్ట్ మీద ఒక కాలు పెట్టాడు, రెండు చేతుల్లోనూ పనిముట్లు. జేబులో పెట్టుకుంటే పైనుంచి వంగినప్పుడు జారిపోతుందనుకున్నాడు. తాడు మెడలో వేసుకుని పైకెళ్ళిపోయాడు.

నేను గదిలోంచి వచ్చి చూసేసరికి బావ పైన ఉన్నాడు. అక్క దవడ కింద గోటితో నిమురుతున్నాడు. మెడలో తాడు వేలాడుతోంది. ఓహో, గీత పోయింది, వీడియో వెనక్కి ఎక్కించుకున్నాడు, ఇక నేను ప్లేయరు తుడవడమే మిగిలింది, ఆఖరుసారి ఊరికే తడిమి చూస్తున్నాడనుకున్నాను. నన్ను పిలవకుండా, ఆ ప్రశ్న అడక్కుండా ముగించేశాడే అని కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా.

అప్పుడే బిల్డింగ్ మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో అట్ట, అట్ట మీద కాగితం. తెర వంక చూసి ఆగిపోయాడు.

"ఎవరండీ ఈవిడ?"

"పరీక్ష వీడియో సార్. గీతలు చూడ్డానికి."

"గీతలు చూడ్డానికి పనిమనిషి గిన్నెలు కడుక్కునే వీడియోలా? మా చైర్మన్ మొహం పడాల్సిన చోటండీ ఇది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆవిడ మా అక్క" అన్నాను.

"ఎవరైతే నాకేంటి. మీ ఇంటి వీడియోలు మా సిస్టంలో ఒక్కటి మిగిలినా ఈ కాగితం మీద సంతకం పెట్టను. ముందే చెబుతున్నా."

ఆయన మామూలుగా చెప్పుంటే నేను కూర్చుని, ఒకసారి పైకి చూసి, బావా తీసుకున్నావా అని అడిగేవాణ్నేమో. అడిగేవాణ్నే. మామూలుగా ఉన్నప్పుడు నేనూ మనిషినే. కానీ పనిమనిషి అన్న మాట చెవిలో గింగురుమంటోంది. పనిమనిషైతే మాత్రం ఏం, అని అడగాలని ఉంది, మా అక్కని అంటాడా అని ఉంది. రెండూ మానేసి లాప్‌టాప్ ముందుకి జరిగాను.

"మిగలదు సార్" అన్నాను. "మీరు చూస్తుండగానే తుడిచేస్తాను. మా అక్క మీ గోడలో ఒక్క చుక్క కూడా మిగలదు. మీ గోడకంత యోగం లేదు."

మొత్తం తుడిచెయ్యమంటారా అని ఆ ప్లేయరు రెండుసార్లు అడుగుతుంది. రెండుసార్లూ అవునన్నాను. తెర వంక కూడా చూడలేదు, ఆయన మొహంలోకి చూస్తూ నొక్కాను. గోడ నల్లగా అయిపోయింది.

పైనుంచి బావ, "ఏరా, ఆపావా?" అన్నాడు.

"ఆపాను బావా."

"మంచిదేలే. దీని వెలుగుకి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి" అని మళ్ళీ తన పనిలో పడ్డాడు. మేనేజరు కాగితం మీద టిక్కు పెట్టుకుని వెళ్ళాడు. నేను నెగ్గినట్టు నిలబడ్డాను. ఆ పది నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యమేస్తుంది. నేను గొప్పగా నిలబడి ఉన్నాను, ఆయన చీకటి తెర మీద ఆవిడ దవడ సరిచేస్తున్నాడు.

లిఫ్ట్ దిగి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు. "పావు చుట్టు తక్కువైందిరా. ఇప్పుడు వెయ్యి, పోయుండాలి."

"ఏం వెయ్యను బావా? తుడిచేశాను కదా. అంతగా చూడాలంటే నీ మెడలోది ఇయ్యి, మళ్ళీ ఎక్కిస్తాను."

ఆయన తల వంచి తన గుండెల మీదున్న పెన్ డ్రైవ్ వంక చూసుకున్నాడు. మెల్లిగా తాడు తీసి నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని లాప్‌టాప్‌కి పెట్టాను. తెరిచాను. తీసి, ఊది, మళ్ళీ పెట్టాను.

"అది ఖాళీరా" అన్నాడు బావ.

నేను ఆ మెరిసే నేల మీదే చతికిలబడ్డాను. "మెడలో ఉందిగా బావా. మెడలో ఉంటే తీసుకున్నట్టే కదా. మెడలో ఎందుకు వేసుకున్నావు?" అదే మాట ఎన్నిసార్లన్నానో నాకే తెలీదు.

"ఆ అమ్మాయి ఇచ్చింది. పోతుందేమోనని వేసుకున్నాను" అన్నాడు. "తప్పు నాదేలే. గుర్తు తప్పింది నేనే" అన్నాడు.

నన్ను తిట్టుంటే బాగుండేది. లాగి ఒక్కటిచ్చినా బాగుండేది. పద్నాలుగేళ్ళలో ఒక్కసారైనా నా మీద చెయ్యెత్తాల్సిన రోజుంటే అది ఆ రోజే. ఆయన నా భుజం పట్టుకుని లేపి, ప్లాస్టిక్ తొడుగు ఊడిందిరా, వేసుకో అన్నాడు.

నాలుగింటికి డైరెక్టర్లొచ్చారు, మీట నొక్కారు, చప్పట్లు కొట్టారు. కంపెనీ వీడియో మొదలైంది. కొండలు, నీటిబొట్లు, ఎందుకు నవ్వుతున్నారో తెలియని ఉద్యోగులు. ఉన్నట్టుండి ఎవరో మోడల్ అమ్మాయి మొహం, సరిగ్గా అక్క మొహం ఉన్నచోటే, అంతే పెద్దగా వచ్చింది. మేము వెనక తలుపు దగ్గర పనిముట్ల సంచులతో నిలబడి ఉన్నాం. బావ కళ్ళు చిట్లించి ఆ అమ్మాయి దవడ చూశాడు.

"గీత పోయింది" అన్నాడు. సంచీ భుజానికెత్తుకుని బయటికి నడిచాడు.

మర్నాడే గోడౌన్ నుంచి కొత్త ప్లేయరు తెచ్చి అక్కడ పెట్టి, పాతదీ పెన్ డ్రైవూ పట్టుకుని మూడు రిపేరు షాపులు తిరిగాను. రెండు చోట్ల చూడకుండానే పెదవి విరిచారు. మూడోచోట ఒక పెద్దాయన రెండు రోజులు ఉంచుకున్నాడు. "మామూలుగా తీసేస్తే ఎంతో కొంత అడుగున ఉంటుందండీ. ఇవి రెండూ అడుగంటా తుడిచేశారు. ఏమీ లేదు" అన్నాడు. ఏముండేది వీటిలో అని అడిగాడు. పన్నెండు సెకన్లు అన్నాను. అంతేనా అన్నాడు. ఆయన తప్పేం లేదు, కానీ ఆ షాపు మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

బావకి మొహం చూపించలేక వారం రోజులు అటువైపు వెళ్ళలేదు. ఆదివారం పొద్దున ఆయనే ఫోను చేశాడు. "ఒకసారి రా, పనుంది" అన్నాడు.

వెళ్ళేసరికి వంటింటి బల్ల మీద తెల్లటి అట్టకాగితం పరిచి ఉంది. దాని మీద పెన్సిలుతో గళ్ళు. అడ్డం పన్నెండు, నిలువు పన్నెండు. పక్కన బిస్కెట్ డబ్బా మూత తీసి ఉంది, బ్రష్షులు నీళ్ళలో నానుతున్నాయి. ఎన్నేళ్ళయిందో ఆయన చేతిలో బ్రష్షు చూసి.

"కూర్చో. ఏ పెట్టెలో ఏముందో చెప్పు" అన్నాడు.

నాకర్థమైంది. ఆ గోడ మీద అక్క పొద్దుటినుంచి తిరుగుతూనే ఉంది, ఏ పెట్టెలో ఏముందో నాకు కంఠతా వచ్చు. ఇది నేను చెయ్యగలను. ఇదొక్కటైనా చెయ్యగలను.

"ఆఖర్న, తలెత్తి ఆగిపోయినప్పటిది చెప్పు" అన్నాడు.

"గడ్డం ఏడో వరస కింది అంచున. ఆరో పెట్టె సగంనుంచి ఏడో పెట్టె సగందాకా. ముక్కు ఎనిమిదో వరస, ఆరూ ఏడూ కలిసేచోట."

గీశాడు. గీత తిన్నగా వచ్చింది.

"తువ్వాలు?"

"ఐదో వరస. ఎనిమిదీ తొమ్మిదీ."

బ్రష్షు ఆగిపోయింది. "ఎనిమిదంటే మనకి కుడి. అంటే తనకి ఎడమ భుజం."

"అవును బావా."

"కుడి భుజమనుకుంటున్నానురా నేను" అన్నాడు. పదకొండు రోజులయింది, అంతే. అప్పుడే తువ్వాలు భుజం మారిపోయింది. అందుకే పిలిచాడని నాకప్పుడు తెలిసింది.

"పదో వరసలో ఎనిమిదో పెట్టె మీదకి జుట్టు పాయ ఒకటి జారింది" అన్నాను. "పెట్టెలు మొదట పేర్చినప్పుడు అక్కడ తెల్లగీత ఉండేది చూడు."

"ఆఁ, సరిచేశాం." జుట్టు పాయ వేశాడు. "చెవులు?"

"ఎడమ చెవి ఎనిమిదో పెట్టె అంచున. కుడి చెవి కనపడదు, ఐదో పెట్టెలో అంతా జుట్టే."

ఇలా గంటన్నర సాగింది. సింకు, కిటికీ, కిటికీలోంచి పడే వెలుగు, ఒక్కో గడీ నిండుతోంది. మధ్యలో బావ టీ పెట్టాడు. నేను ఏదో జోకు వేస్తే నవ్వాడు కూడా. అక్క తిరిగొస్తోంది, నా నోట్లోంచి ఒక్కో పెట్టె చొప్పున తిరిగొస్తోంది, నేను చేసిన పాపం కొంచెమైనా తగ్గుతుందేమోనని ఆశపడ్డాను.

"ఇక తొమ్మిదో వరస. ఆరూ ఏడూ" అన్నాడు.

"అవి కళ్ళు బావా."

"తెలుసు. ఎటు చూస్తోంది?"

నేను టీ కప్పు పక్కకి జరిపాను.

"నా వంకే అని ప్రతిసారీ అన్నావుగా. నాకెప్పుడూ నా వంకే చూసినట్టుంటుంది. నాకలాగే ఉంటుంది కదరా, నా కళ్ళని నేను నమ్మకూడదు. అందుకే నిన్నడిగేవాణ్ని" అన్నాడు. బ్రష్షు రంగులో ముంచి, ఆ గడి మీదికి తెచ్చి ఆపాడు. "ఫోను వంక చూస్తే కళ్ళు కొంచెం కిందికుంటాయి. ఫోను పైనుంచి నా వంక చూస్తే పైకుంటాయి. ఏది?"

నీ వంకే అంటే సరిపోయేది. నలభైసార్లకి పైగా అన్న మాట, ఇంకొక్కసారి అనాలి, అంతే. లెక్చరర్లని, మేనేజర్లని, ముందూవెనకా చూడకుండా కడిగేసిన నోరు. పెగల్లేదు. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు, ఫోటో వంక చూసే బోర్డు పెయింటరులా.

"ఆ రెండు పెట్టెల్లో ఎప్పుడూ గీత పడలేదు బావా" అన్నాను.

"అయితే?"

"నేను గీతలే చూసేవాణ్ని. అక్కడ చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు."

బావ ఆ రెండు గళ్ళ వంక ఒకసారి చూశాడు. తర్వాత బ్రష్షు నీళ్ళలో కడిగి, గుడ్డతో తుడిచి, డబ్బాలో పెట్టాడు. నా టీ చల్లారిపోయిందని మళ్ళీ వేడి చేసి ఇచ్చాడు.

ఆ అట్టకాగితం ఇప్పుడు వాళ్ళ వంటింటి గోడకుంది. తువ్వాలు ఎడమ భుజం మీదే ఉంది, జుట్టు పాయ జారే ఉంది, నవ్వు కూడా వచ్చింది. తొమ్మిదో వరసలో రెండు గళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. నేను వెళ్ళినప్పుడల్లా దానికి వీపు పెట్టి కూర్చుంటాను. టీ తాగి వచ్చేస్తాను.